కుక్కకి ట్రైనింగ్ ‘ఇప్పించడం’ అంటే అసలు ఏం జరుగుతుంది?

“మా కుక్కకి ట్రైనింగ్ ఇప్పించాం” అంటుంటారు. ఆ ‘ఇప్పించాం’లోనే సగం తికమక ఉంది. పాడైన ఫ్యాన్‌ని రిపేరుకిచ్చి తెచ్చుకున్నట్టు, కుక్కని ఎవరో ఒకాయన చేతిలో పెడితే ఆయన బాగుచేసి తిరిగిస్తాడు, ఇంట్లో మనం ఎప్పటిలాగే ఉండొచ్చు అనే ఊహ ఆ మాట వెనకాల దాక్కుని ఉంటుంది. కానీ పని తెలిసిన ట్రైనర్ ఇంటికొస్తే మొదటి రోజు కుక్కతో కన్నా మనుషులతోనే ఎక్కువ మాట్లాడతారు. కుక్క ఎక్కడ పడుకుంటుంది, తిండి ఎవరు పెడతారు, అది మొరిగినప్పుడు ఎవరెవరు ఏం చేస్తారు, ఇలాంటివన్నీ అడుగుతారు. కొంతమందికి చిరాకు కూడా వస్తుంది, పిలిచింది కుక్క కోసమైతే మమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తాడేంటి అని.

దీనికి తోడు ఫోన్ తెరిస్తే సలహాల వరద. ఒకాయన ట్రీట్ లేకుండా కుక్క దగ్గరికే వెళ్లొద్దంటాడు, ఇంకొకాయన మెడపట్టీ ఒక్కసారి గుంజితే చాలంటాడు, మూడో ఆయన గుమ్మంలో మీరు ముందు నడవకపోతే కుక్క మీ నెత్తికెక్కుతుందంటాడు. విచిత్రం ఏంటంటే ముగ్గురి వీడియోల్లోనూ చివరికి కుక్క బుద్ధిగానే కూర్చుని ఉంటుంది. మరి ఎవరి మాట నిజం? అది తేలాలంటే ముందు కుక్క ఎలా నేర్చుకుంటుందో చూడాలి.

కుక్క నేర్చుకునే రెండు దారులు

మొదటి దారి, జోడీ కట్టుకోవడం. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్నాడు. ఆ ప్రయోగాల్లోనే, తిండి నోట్లో పడకముందే, తిండి రాబోతోందని తెలిపే గుర్తులకే కుక్కలకి లాలాజలం ఊరడం ఆయన గమనించాడు. ఇందులో కుక్క కావాలని చేసేది ఏమీ లేదు, దాని ఒంట్లో అలా జరిగిపోతుంది. లీష్ చేతిలోకి తీసుకోగానే గెంతులు వేయడం, వెట్ క్లినిక్ వాసన తగలగానే వణకడం ఈ దారిలో వచ్చినవే. ఇష్టాలు, భయాలు ఎక్కువగా ఇటునుంచే వస్తాయి.

రెండో దారి, ఫలితం చూసుకోవడం. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లుల్ని గడియ ఉన్న పెట్టెల్లో పెట్టి, అవి బయటపడటం ఎలా నేర్చుకుంటాయో కొలిచాడు. మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ జరుగుతుంది, ఇవ్వనిది రాలిపోతుంది అన్నది ఆయన తేల్చిన సూత్రం. 1930ల్లో ఇంకో అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దీన్ని పెద్ద శాస్త్రంగా నిలబెట్టాడు. ఈ రోజు ట్రైనర్లు వాడే పదాలు చాలావరకు అక్కడివే, జనం తప్పుగా అర్థం చేసుకునేవి కూడా అవే. పాజిటివ్ అంటే మంచి అని కాదు, ఏదో ఒకటి కలపడం. నెగెటివ్ అంటే ఉన్నదాన్ని తీసేయడం. రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఆ పని పెరిగేలా చేసేది, పనిష్‌మెంట్ అంటే తగ్గేలా చేసేది. లెక్క అంతే.

ఒక ఇల్లు ఊహించుకుందాం. తల్లీతండ్రీ, ఇద్దరు పిల్లలు, తాతయ్య, ఏడాది వయసున్న పెద్దసైజు కుక్క. బెల్ మోగితే చాలు తలుపు దగ్గరికి ఉరికి వచ్చినవాళ్ల మీదికి దూకుతుంది. దూకకుండా నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడు ట్రీట్ ఇస్తే అది పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. దూకగానే అందరూ వీపు తిప్పేసుకుంటే, కుక్కకి కావాల్సిన మనుషుల దృష్టి పోయింది కాబట్టి అది నెగెటివ్ పనిష్‌మెంట్. దూకగానే మెడపట్టీ గట్టిగా గుంజితే పాజిటివ్ పనిష్‌మెంట్. మెడ మీద ఒత్తిడి పెట్టి, కూర్చున్న క్షణంలో వదిలేస్తే నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. నాలుగూ పనిచేయొచ్చు. వీడియోల్లో ముగ్గురి కుక్కలూ చివరికి కూర్చున్నది అందుకే. పనిచేసిందా లేదా అన్న ప్రశ్నతోనే ఆగిపోతే అసలు గొడవ కనపడదు, దాని సంగతి తర్వాత.

మనకి తెలియకుండా ఇచ్చే జీతం

పై ఇంట్లో నిజంగా జరిగేది ఏంటంటే, కుక్క దూకగానే తండ్రి “దిగు దిగు” అని అరుస్తాడు, తల్లి రెండు చేతులతో నెడుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు, తాతయ్య “పోన్లే, పాపం” అని తల నిమురుతాడు. కుక్క వైపు నుంచి చూస్తే అది చేసిన ఒక్క పనికి అయిదుగురి చూపు, చేతులు, గొంతులు దక్కాయి. మనం తిట్టామనుకుంటున్నాం, అది జీతం అందుకున్నాననుకుంటోంది.

పోనీ అందరూ కట్టుబడి పట్టించుకోవడం మానేశారనుకోండి. మొదట్లో దూకడం తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. నిన్నటిదాకా పనిచేసిన మీట ఇవాళ పనిచేయకపోతే మనం కూడా నాలుగుసార్లు గట్టిగా నొక్కుతాం కదా, అదే. ఆగిపోయేముందు వచ్చే ఈ విజృంభణ గురించి తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే, మూడో రోజో నాలుగో రోజో, ఇది లాభం లేదని వదిలేస్తారు. కుక్కకి అందిన పాఠం ఏంటయ్యా అంటే, మామూలుగా దూకితే రాదు, ఇంకా గట్టిగా దూకితే వస్తుంది. తాతయ్య పదిసార్లలో ఒక్కసారి తల నిమిరినా చాలు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం చేసే పని, ప్రతిసారీ బహుమతి వచ్చే పని కన్నా మొండిగా నిలబడుతుంది.

ట్రైనర్‌కి ఇచ్చే డబ్బులో పెద్ద భాగం, నా ఉద్దేశంలో, ఇలాంటివి చూసే కంటికే. తర్వాత వచ్చేది సమయం. కుక్క కూర్చుంది, మీరు జేబులో వెతికి ట్రీట్ తీసేలోపు లేచి మొరిగింది, అప్పుడు ట్రీట్ అందింది. జీతం దేనికి ముట్టినట్టు? క్లిక్కర్ అనే చిన్న ‘టక్’ డబ్బా ఈ ఖాళీని పూడ్చడానికే వచ్చింది. టక్‌మంటే ‘ఇదిగో, ఈ పనికే’ అని, ట్రీట్ వెనకాల వస్తుంది. స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మరియన్ బ్రెలాండ్ దంపతులు 1940ల్లోనే ఇలాంటి శబ్దాలతో జంతువులకి నేర్పారు, డాల్ఫిన్ శిక్షకురాలు కారెన్ ప్రయర్ లాంటివాళ్ల వల్ల 1990ల్లో అది ఇళ్లలోని కుక్కలదాకా వచ్చింది.

ఇక ‘తప్పు చేసిన మొహం’. చెప్పు కొరికి మూల నక్కిన కుక్కని చూపించి, “చూడండి, దానికి తెలుసు” అంటాం. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో 14 కుక్కలతో దీన్ని పరీక్షించింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానికీ ఆ మొహానికీ సంబంధం లేదని తేలింది, యజమాని తిట్టినప్పుడు అది వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఇంకా ఎక్కువ కనపడింది. అంటే మనం సాయంత్రం ఇంటికొచ్చి పొద్దున కొరికిన చెప్పు గురించి తిడితే, కుక్కకి అర్థమయ్యేది చెప్పు సంగతి కాదు, మన మొహం సంగతి.

వంటింట్లో వచ్చిన ‘కూర్చో’ వీధిలో ఎందుకు రాదు అని కూడా చాలామంది అడుగుతారు. కుక్క నేర్చుకున్నది మనం అనుకున్న ఆ ఒక్క మాటని కాదు, ఆ గది, ఆ నిలబడే తీరు, చేతిలో ట్రీట్ పట్టుకున్న మనిషి, ఇవన్నీ కలిసిన ఒక బొమ్మని. చోటు మారితే దానికి అది దాదాపు కొత్త పాఠం. మొండితనం అనుకుని గొంతు పెంచేది ఇక్కడే. క్లాసు వారానికి ఒక్కసారే ఉంటే ఏం వస్తుందన్న అనుమానం కూడా వద్దు. మేయర్, లాడెవిగ్ అనే పరిశోధకులు 2008లో 18 బీగిల్ కుక్కల మీద చేసిన పరీక్షలో, వారానికి ఒక్కసారి నేర్పినవాటికి వారానికి అయిదుసార్లు నేర్పినవాటికన్నా తక్కువ పాఠాలు సరిపోయాయి, మొత్తం రోజులు మాత్రం ఎక్కువ పట్టాయి.

కొత్తగా వచ్చిన కుక్క

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెత కుక్కల విషయంలో సగం నిజం. సుమారు 3 నుంచి 12 వారాల వయసు మధ్య పప్పీ మెదడు కొత్త మనుషుల్ని, చప్పుళ్లని, నేలల్ని ‘ఇది మామూలే’ అనే ఖాతాలో తేలిగ్గా వేసుకుంటుంది. స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు 1965 నాటికే ఈ కిటికీ గురించి రాశారు. చిక్కేంటంటే టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్లొద్దనే జాగ్రత్త కూడా సరిగ్గా ఈ వారాల్లోనే పడుతుంది. రెండూ న్యాయమైన మాటలే. అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2008లో ఒక మధ్యదారి చెప్పింది: 7, 8 వారాలకే పప్పీ క్లాసులు మొదలుపెట్టొచ్చు, కానీ మొదటి విడత టీకా పడి కనీసం 7 రోజులు గడిచి ఉండాలి, నులిపురుగుల మందు కూడా అయి ఉండాలి. మీ చుట్టుపక్కల జబ్బుల ప్రమాదం ఎంతో మీ వెట్‌కే తెలుస్తుంది కాబట్టి ఆఖరి మాట అక్కడే. పప్పీని ఎత్తుకుని తిప్పినా అది చూస్తుంది, వింటుంది, దానికి నేల తాకాల్సిన పని లేదు.

ఆ తర్వాత టీనేజ్. అవును, కుక్కలకీ ఉంది. 2020లో బ్రిటన్ పరిశోధకులు చూపు లేనివాళ్లకి దారి చూపే గైడ్ డాగ్స్‌గా పెరుగుతున్న కుక్కల్ని 5 నెలల వయసులో, మళ్లీ 8 నెలలకి చూశారు. 8 నెలలప్పుడు పెంచేవాళ్లు ‘కూర్చో’ అంటే వినడం తగ్గింది, అదే మాట కొత్త మనిషి చెబితే మాత్రం విన్నాయి! “ట్రైనర్ ముందు బంగారం, మా ముందు రాక్షసి” అని వాపోయేవాళ్లకి ఇందులో కొంత ఊరట ఉంటుంది. కుక్కల్ని వదిలించుకునే ఆలోచనలు చాలాసార్లు ఈ వయసులోనే వస్తాయి, నిజానికి అది దాటిపోయే దశ.

పెద్దయ్యాక దత్తతకి వచ్చిన కుక్క కథ వేరు. మొదటి వారం నోరెత్తని కుక్క మూడో వారంలో సోఫా దగ్గరికి వస్తే గుర్రుమంటే, చెడిపోయిందని అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది, బిగుసుకుపోయి ఉన్న కుక్క ఇప్పుడిప్పుడే తనలా తను ఉండటం. 3 రోజులు, 3 వారాలు, 3 నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. అది కొలిచి తేల్చింది కాదు, అనుభవం మీద పుట్టిన ఉజ్జాయింపు, తొందరపడొద్దని చెప్పడానికి మాత్రం పనికొస్తుంది.

‘కష్టమైన కుక్క’లో చాలాసార్లు ఉండేది భయం

లీష్ మీద వెళ్తూ ఎదురొచ్చే ప్రతి కుక్క మీదా విరుచుకుపడే కుక్కని చూస్తే పొగరనిపిస్తుంది. చాలా సందర్భాల్లో అది ‘నువ్వు దూరంగా పో’ అనే కేక. కేక పెట్టింది, ఎదుటి కుక్క ఎలాగూ తన దారిన తాను పోయింది, మన కుక్క మాత్రం కేక పనిచేసిందనుకుంది. రేపు ఇంకాస్త ముందే కేక.

ఇక్కడ ట్రైనర్ వాడే ముఖ్యమైన మాట థ్రెషోల్డ్, అంటే ఓపిక తెగే గీత. ఒక ఉదాహరణ అంకెలతో చూద్దాం. ఎదుటి కుక్క 10 మీటర్ల దూరంలో ఉంటే మనది విరుచుకుపడుతుంది, 20 మీటర్లకి బిగుసుకుని చూస్తుంది, 30 మీటర్లకి చూసి మళ్లీ నేల వాసన చూసుకుంటుంది. పని మొదలయ్యేది ఆ 30 దగ్గర. కుక్క కనపడగానే మంచి ట్రీట్లు, మాయం కాగానే ట్రీట్లు బంద్. కొన్నాళ్లకి ఎదుటి కుక్క కనపడితే మనది మొరగడానికి బదులు మన మొహం వైపు తిరుగుతుంది, ‘అదిగో వచ్చింది, నాదేది?’ అన్నట్టు. అప్పుడు 27 మీటర్లకి జరుగుతాం. పావ్‌లోవ్ దారే ఇది, తిరగదిప్పి వాడటం. 10 మీటర్ల దగ్గర ఇదే ట్రీట్ ఇస్తే కుక్క ముక్కు ముందు పెట్టినా చూడదు, చూసినవాళ్లు ట్రీట్లు పనిచేయవని తేల్చేస్తారు. పొరపాటు ట్రీట్‌లో లేదు, దూరంలో ఉంది.

గుర్రుమన్నందుకు కొట్టడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని అణిచేస్తే భయం లోపల అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. “ఏ సూచనా లేకుండా కరిచింది” అనే కుక్కల్లో కొన్ని ఇలా తయారైనవే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మామూలు విషయం కాదు.

ట్రైనింగ్‌కి ముందు చూడాల్సింది ఇంకోటుంది, నొప్పి. ప్రవర్తన సమస్యలతో నిపుణుల దగ్గరికి వచ్చిన జంతువుల గురించి 2020లో వచ్చిన ఒక సమీక్ష, తక్కువలో తక్కువ మూడింట ఒక వంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి ఉందని, కొన్నిచోట్ల ఆ అంకె 80 శాతం దగ్గరికి వెళ్తుందని అంచనా వేసింది. తుంటి నొప్పి ఉన్న కుక్క ముట్టుకోగానే కసురుకుంటే దానికి ‘కూర్చో’ నేర్పి లాభం ఏముంది? అలాగే ఒంటరిగా వదిలితే తలుపు చీల్చే కుక్క. అది ఆజ్ఞ పాటించని సమస్య కాదు, భయాందోళన. అమెరికాలో ఈ వేర్పాటు భయానికి క్లోమిప్రమిన్ అనే మందుని 1998లో, ఫ్లూఆక్సెటిన్ అనే మందుని 2007లో కుక్కల కోసం ఆమోదించారు, రెండూ ప్రవర్తన మార్చే శిక్షణతో కలిపి వాడాల్సినవే. కుక్కకి మనోవ్యాధి మందులా అని నవ్వేవాళ్లున్నారు. వణికే కుక్కని రోజూ చూసేవాళ్లు నవ్వరు.

బహుమతా, శిక్షా: గొడవ ఎక్కడ మొదలైంది, ఎక్కడుంది

శిక్ష వైపు చరిత్ర పాతది. జర్మన్ పోలీసు శిక్షకుడు కొన్రాడ్ మోస్ట్ 1910లోనే బలప్రయోగం కలిసిన పద్ధతులు రాసిపెట్టాడు, సైన్యాల్లో, పోలీసుల్లో అవి పాకాయి. దానికి తర్వాత ‘ఆల్ఫా’ కథ తోడైంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జూలో బంధించిన తోడేళ్లని గమనించి, పై స్థానం కోసం కొట్లాటల గురించి రాశాడు. తోడేళ్ల పరిశోధకుడు ఎల్. డేవిడ్ మెక్ 1970లో ఆ మాటని జనంలోకి తీసుకెళ్లాడు. అదే మెక్ అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూశాక, 1999లో, సహజంగా ఉండే గుంపు చాలావరకు అమ్మా నాన్నా పిల్లలే, గెలిచి నాయకుడైన ‘ఆల్ఫా’ అనే మాట అక్కడ సరిపోదని రాశాడు. కథని జనంలోకి తీసుకెళ్లిన ఆయనే వెనక్కి తీసుకున్నా అది వీడియోల్లో ఇంకా నడుస్తూనే ఉంది. పైగా కుక్క తోడేలు కాదు, మనం రెండూ కాదు.

ఇక కొలిచిన సంగతులు. 2014లో బ్రిటన్‌లో 63 కుక్కలతో జరిగిన అధ్యయనం ప్రకారం, పిలిస్తే రాని కుక్కలకి షాక్ కాలర్ (రిమోట్ నొక్కితే మెడ దగ్గర కరెంటు షాక్ ఇచ్చే పట్టీ) వాడితే బహుమతుల పద్ధతి కన్నా ఎక్కువ ఫలితమేమీ రాలేదు. 2020లో పోర్చుగల్ ట్రైనింగ్ స్కూళ్లలో 92 కుక్కల్ని పోల్చితే, శిక్షలు ఎక్కువ వాడే చోట కుక్కలు ఎక్కువ ఒత్తిడి చూపించాయి. అమెరికాలోని పైన చెప్పిన పశువైద్యుల సంఘం 2021లో బహుమతి పద్ధతులే వాడాలని ప్రకటించింది. వేల్స్ షాక్ కాలర్లని 2010లోనే నిషేధించింది.

అవతలి వైపు మాట కూడా వినాలి. 2024లో 19 కుక్కలతో జరిగిన ఒక అధ్యయనంలో, పరుగెత్తే వస్తువు వెంటపడే అలవాటుని షాక్ కాలర్ రెండు సెషన్లలో ఆపింది, అదే గడువులో ట్రీట్లతో ప్రయత్నించిన కుక్కలు ఆగలేదు. షాక్ తగిలినప్పుడు కుక్కలు కుయ్యిమన్నాయి, మిగతా కొలతల్లో పెద్ద తేడా దొరకలేదు. ట్రీట్ల పద్ధతికి ఇచ్చిన రోజులు చాలా తక్కువని, అసలు దాన్ని నేర్పాల్సిన తీరులో నేర్పలేదని విమర్శలొచ్చాయి. కాలర్ వాడే ట్రైనర్లు అడిగేది కూడా కొట్టిపారేయదగ్గది కాదు: రోడ్డు మీద వాహనాల వెంటపడే కుక్కకి ఆరు నెలల ఓపిక ఎవరిస్తారు? దానికి బహుమతి వైపువాళ్ల జవాబు, ఆ ఆరు నెలలూ పొడవాటి తాడు ఉంది కదా అని.

నాకైతే ఒక తేడా కళ్లకి కడుతుంది. ట్రీట్ ఇచ్చే సమయం తప్పితే కుక్క కాస్త లావెక్కుతుంది, పాఠం ఆలస్యమవుతుంది. షాక్ సమయం తప్పితే, ఆ క్షణంలో ఎదురుగా పక్కింటి పిల్లాడు ఉంటే, నొప్పికి జోడీ ఆ పిల్లాడితో పడుతుంది. కొత్తగా కుక్కని తెచ్చుకున్న ఇంట్లో సమయం తప్పడం రోజూ జరిగేదే.

ట్రైనర్ అని ఎవరిని అనాలి

చాలా దేశాల్లో ఎవరైనా రేపటి నుంచి డాగ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవచ్చు, లైసెన్స్ అక్కర్లేదు. స్వచ్ఛందంగా పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలున్నాయి, 2001లో అమెరికాలో మొదలైన సీసీపీడీటీ అలాంటిది. అది వృత్తి పరిజ్ఞానానికి గుర్తు, మంచితనానికి హామీ కాదు. ప్రవర్తన మీద ప్రత్యేకంగా చదువుకున్న పశువైద్యులు వేరే వర్గం, ట్రైనర్లలా కాకుండా వాళ్లు మందులు కూడా రాయగలరు. కరిచే కుక్క, ఒంటరిగా ఉండలేని కుక్క అయితే దారి అటువైపు.

పద్ధతుల్లో క్లాసు, ఇంటికొచ్చి నేర్పడం, కుక్కని కొన్ని వారాలు తమ దగ్గరే ఉంచుకోవడం ఉన్నాయి. మూడోది బిజీగా ఉన్నవాళ్లకి ఆకర్షణగా ఉంటుంది. కుక్క నిజంగా నేర్చుకుని కూడా రావచ్చు, కానీ చోటు మారితే పాఠం కొత్తదవుతుందని పైన చూశాం కదా, పైగా మనం లేని చోట ఎలా నేర్పారో మనకి తెలియదు. తిరిగొచ్చాక ఇంటివాళ్లకి నేర్పే సెషన్లు ఉన్నాయా లేదా అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. “వంద శాతం గ్యారంటీ” అన్న మాట వినపడితే మాత్రం నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఎదురుగా ఉన్నది ప్రాణి, అది వెళ్లేది తాతయ్య ఉన్న ఇంటికి.

ఆ ఇంటి సంగతికే వస్తే, ట్రైనర్ అక్కడ చేయించేది చూడటానికి చాలా చప్పగా ఉంటుంది. తలుపుకి కాస్త దూరంగా ఒక చాప, బెల్ శబ్దం ఫోన్‌లో చిన్నగా, కుక్క చాప మీదికి వెళ్తే ట్రీట్. శబ్దం పెంచడం. తర్వాత నిజం బెల్, బయట పెద్దపాపే నిలబడి. ఆ తర్వాత కుక్కకి తెలిసిన చుట్టం, ఆ తర్వాత తెలియనివాళ్లు. అన్నిటికన్నా కష్టమైన భాగం తాతయ్యకి నచ్చచెప్పడం, ఆయన చేతికి కూడా ట్రీట్ల డబ్బా ఇచ్చి, నిమరాలనిపిస్తే చాప దగ్గరే నిమరండి అనడం. ఇలా సాగితే రెండు మూడు నెలలకి బెల్ మోగినప్పుడు కుక్క లేస్తుంది, తలుపు వైపు రెండడుగులు వేస్తుంది, ఆగుతుంది, చాప మీదికి వెళ్తుంది. పండక్కి ఇల్లంతా జనంతో నిండిన రోజున మాత్రం అన్నీ మర్చిపోయి దూకుతుంది. ఆ రోజు దానికి లీష్ వేసి వెనక గదిలో కూర్చోబెడతారు.